ఐరిష్ ఆవుకీ దిష్టి తగులుతుంది

మీరు అడిగింది ఇదీ: ఇక్కడ ఐర్లండ్‌లో మీ అబ్బాయికి స్కూల్లో ఈ దేశపు జానపద ఆచారాల మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, వాడు పశువుల్ని ఎంచుకున్నాడు. పాడి పశువుల గురించి ఐరిష్ పల్లెల్లో ఏమేం నమ్మేవారు, మన దిష్టి లాంటిది ఉందా, అందులో నిజం ఎంత, ఇప్పటికీ ఎవరైనా పాటిస్తున్నారా అని.

నేను గొడ్ల డాక్టరుని. ఒంగోలు పక్క పదేళ్ళు చేసి, తర్వాత ఐర్లండ్ నైరుతి మూల డెయిరీ ఫారాల చుట్టూ పదిహేనేళ్ళుగా తిరుగుతున్నాను. కొట్టాల్లో విన్నవి, పాత రికార్డుల్లో చదివినవి కలిపి చెబుతాను. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

దిష్టితోనే మొదలుపెడతాను. నాకు ముందు ఎదురైంది అదే.

వచ్చిన కొత్తలో, మార్చి నెల, రాత్రి పదకొండింటికి ఫోన్. ఈనిన ఆవు లేవడం లేదు. వెళ్ళి చూస్తే మెడ పక్కకి వాల్చుకుని పడుంది, చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. పాల జ్వరం, పేరుకి జ్వరమే గానీ ఒంట్లో కాల్షియం పడిపోవడం. మెడ నరంలోకి నెమ్మదిగా కాల్షియం సీసా ఎక్కించాను. కాసేపటికి ఒళ్ళు వణికింది, పెద్ద త్రేన్పు వచ్చింది, ఇంకాసేపటికి లేచి నిలబడింది. నేను చేతులు కడుక్కుంటూ, “ఎంత మంచి ఆవండీ! ఆ పొదుగు చూడండి” అన్నాను. టార్చి పట్టుకున్న రైతు మాట్లాడలేదు. తలుపు దగ్గర వాళ్ళమ్మ ఉంది, ఎనభై దాటి ఉంటాయి. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. చివరికి కొడుకే మెల్లగా, “గాడ్ బ్లెస్ హర్ అనండి” అన్నాడు. అన్నాను. అప్పుడు కదిలింది ఆవిడ, లోపలికి పోయి కెటిల్ పెట్టింది.

చెడు కంటిని ఐరిష్‌లో ‘ద్రోఖ్‌హూల్’ అంటారు. ఆవునో దూడనో గుర్రప్పిల్లనో మెచ్చుకుని, వెంటనే దేవుడి పేరు ఎత్తకపోతే ఆ కన్ను తగులుతుందని నమ్మకం. శత్రువే చూడాలని లేదు, ఇష్టంగా చూసినా తగులుతుంది. ఇది మనకు ఒకరు చెప్పాలా? తల్లి దిష్టి పిల్లాడికి తగులుతుందని మన ఇళ్ళల్లో అననిదెవరు! ఎవరైనా పనిలో ఉండగా వెళ్ళినా అంతే. ‘పని మీద దేవుడి దయ ఉండుగాక’ అనే అర్థం వచ్చే మాట అని లోపలికి అడుగు పెట్టాలి. ఈనిన ఆవు తోకకి ఎర్ర గుడ్డ పీలికో ఎర్ర దారమో కట్టేవారు. జున్నుపాలలో మొదటి చుక్కలు నేల మీద పిండేవారు, ‘మంచివాళ్ళ’ వాటా అని. మంచివాళ్ళంటే ఫెయిరీలు. వాళ్ళ పేరు నేరుగా పలకరు. మన పల్లెల్లో రాత్రిపూట పాముని పురుగు అన్నట్టే.

అసలు ఆవు మీద ఇంత భయం ఎందుకో తెలియాలంటే అక్కడ ఆవు ఎంతటిదో చూడాలి. పాత ఐరిష్ చట్టాల్లో జరిమానాలు, మనిషి హోదా ఆవుల లెక్కలోనే ఉంటాయి. సొంత పశువులున్న రైతుని ‘బో-అరె’ అనేవారు, ఆవుల ఆసామి అన్నమాట. ఐరిష్‌లో ఆవుని ‘బో’ అంటారు. మన సంస్కృతం ‘గో’, వాళ్ళ ‘బో’ ఒకే మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. ఇది ఊరికే పోలిక కాదు, భాషావేత్తలు ఒప్పుకున్న సంగతి. రోడ్డుని ‘బోహర్’ అంటారు, అందులోనూ ఆవే ఉంది. సుమారు 900 ప్రాంతంలో కూర్చిన కోర్మక్ నిఘంటువులో బోహర్ అంటే ఒక ఆవు నిలువుగా, ఒక ఆవు అడ్డంగా పట్టేంత వెడల్పు అని రాసి ఉంది. అబ్బాయిని ‘బూఖల్’ అంటారు, దానికి అసలు అర్థం పశువుల కాపరి. మనకి గోత్రం, గవాక్షం, గోధూళి ఉన్నట్టే.

ఒక కథ చెప్పండి మీవాడికి. గ్లాస్ అని ఒక ఆవు ఉండేది. ఏ గిన్నె పెట్టినా నిండా పాలిచ్చేది. ఒకావిడ, ఇది నింపలేని గిన్నె నా దగ్గర ఉందని పందెం కట్టి, జల్లెడ పెట్టి పితికింది. పాలు కారి నేలన పారాయి, జల్లెడ నిండలేదు. ఆవు ఆ అవమానంతో పోయింది, మళ్ళీ రాలేదు. పాడి అంటే ఉన్నట్టుండి మాయమైపోయే సొత్తు అన్న భయం ఆ కథ నిండా ఉంది. మిగతా ఆచారాలన్నీ నాకు అలాగే కనిపిస్తాయి. ఎక్కడ పాలు చేజారే వీలుందో, ఎందుకు చేజారాయో ఎవరికీ తెలియదో, సరిగ్గా అక్కడ ఒక ఆచారం కాపలా కూర్చుని ఉంటుంది. ఈనేటప్పుడు, మేతకి తోలేటప్పుడు, వెన్న తీసేటప్పుడు, అమ్మేటప్పుడు.

ఇవన్నీ మనకి ఇంత వివరంగా ఎలా తెలిశాయంటే, పిల్లల పుణ్యం. 1935లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ పెట్టారు. వాళ్ళు 1937 నుంచి 1939 దాకా సుమారు 5 వేల బడుల్లో 50 వేల మంది పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్ళని అడిగించి రాయించారు. అందులో ‘మా పశువుల సంరక్షణ’ అన్నది ఒక విడి అంశం. మీవాడి వయసు వాళ్ళు, ముద్దు ముద్దు చేతిరాతలో, తమ ఆవుల పేర్లు, కొట్టం కొలతలు, ఆవుని మెడకి కట్టేదీ కొమ్ములకి కట్టేదీ, ఏ జంతువుని ఏమని పిలుస్తారో, అన్నీ రాశారు. దూడని ‘సుక్ సుక్’, కోళ్ళని ‘ట్యుక్ ట్యుక్’, పందుల్ని ‘హురిష్ హురిష్’, బాతుల కన్నా పెద్దవి ఉంటాయే, ఆ గూస్‌లని ‘బ్యాడీ బ్యాడీ’. ఇదంతా దూఖస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. మీ ఊరి బడి పేరుతో వెతికితే మీవాడి క్లాస్‌మేట్ ముత్తవ్వ రాసింది దొరికినా దొరకచ్చు.

ఇక వెన్న సంగతి. నా లెక్కలో అన్నిటికంటే రసవత్తరమైన భాగం ఇదే.

పాలు ఇంట్లోకి, వెన్న సంతకి. అద్దె కట్టేది వెన్న డబ్బుతోనే. కార్క్ నగరపు వెన్న మార్కెట్ ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్దది. అలాంటిది, గంటసేపు చిలికినా వెన్న పడకపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షన్! అందుకే చిలికే ఇంట్లో కట్టుబాట్లు. ఆ సమయంలో ఎవరు వచ్చినా దీవించి, కవ్వానికి ఒక చెయ్యి వేసి కాసేపు చిలికి వెళ్ళాల్సిందే. ఊరికే వచ్చి ఊరికే పోతే వెన్న వాడి వెంట పోతుంది. చిలుకుతున్నంతసేపూ ఇంట్లోంచి నిప్పు బయటికి పోకూడదు, పైపు వెలిగించుకున్నవాడు కూడా నిప్పుతో గడప దాటకూడదు. కుండ కింద గాడిద లాడమో నిప్పు కణికో పెట్టేవారు. కుండ చుట్టూ రోవన్ చెట్టు పుల్లని వంచి కట్టేవారు. రోవన్ అంటే కొండ వాలుల్లో ఎర్రటి చిన్న పళ్ళ గుత్తులతో కనిపించే చెట్టు. ఎన్ని చేసినా వెన్న పడకపోతే నాగలి కర్రు పొయ్యిలో ఎర్రగా కాల్చేవారు. మంత్రం వేసి వెన్న దొంగిలించిన మనిషికి ఒళ్ళు మండి, తనే పరుగెత్తుకొస్తుందని.

ఇందులో నాకు నవ్వు తెప్పించేది ఏమిటంటే, కొన్ని నిజంగానే పని చేస్తాయి. మీగడ సుమారు 15 డిగ్రీల వేడిలో బాగా విడుతుంది. చలిగా ఉంటే నురగ వస్తుందే తప్ప వెన్న రాదు. ఐరిష్ వంటగది మార్చిలో ఎంత చల్లగా ఉంటుందో మీకు తెలుసు. కుండ కింద నిప్పు కణిక పెడితే మంత్రం తిరగబడిందో లేదో గానీ మీగడ వెచ్చబడుతుంది. వచ్చినవాడు చెయ్యి వేస్తే అలసిన చేతికి బదులు కొత్త చెయ్యి. చూలుతో ఉండి వట్టిపోబోయే ఆవు పాలు చిలికితే నురగే ఎక్కువ, అది ఇవాళ మాకు మామూలు సంగతి. వాళ్ళకి కనిపించింది నురగ ఒక్కటే, కారణం కనిపించలేదు. కారణం కనిపించని చోట మనిషి కనిపిస్తాడు, అదే అసలు గొడవ.

ఆ మనిషి సాధారణంగా ఒంటరి ముసలామె. మే 1 తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, పక్కింటి పొలంలో గడ్డి మీద మంచులో గుడ్డో తాడో ఈడ్చుకుంటూ ‘అంతా నాకే, అంతా నాకే’ అంటుందట. అలా అంటే ఆ ఏడాది వాళ్ళ వెన్నంతా ఈమె కుండలోకి చేరుతుంది. దీని మీద సరదా కథ ఒకటి ఉంది. గుర్రం మీద పోతున్న ఒకాయన ఆ మాట విని, ఏమిటో తెలియకుండానే ‘సగం నాకు’ అన్నాడు. ఇంటికి పోయేసరికి వాళ్ళింట్లో వెన్న పట్టడానికి గిన్నెలు చాలడం లేదు! ఇంకో రూపం చెవులపిల్లిది. ఆ ముసలామె చెవులపిల్లిగా మారి ఆవు పొదుగు చీకుతుంది. ఎవరో తుపాకీ పేలిస్తే కాలికి తగిలి కుంటుతూ ఒక గుడిసెలో దూరుతుంది. లోపల చూస్తే ముసలామె కాలికి గాయం. ఈ కథ ఎంత పాతదంటే, 1180లలో ఐర్లండ్ గురించి రాసిన గెరాల్డ్ అనే వెల్ష్ మతాధికారి అప్పటికే దీన్ని పాత ఫిర్యాదు అని చెబుతాడు. చెవులపిల్లే ఎందుకంటే, నా ఊహ చెబుతాను: తెల్లారి పాలు తీయడానికి పొలంలోకి వెళ్తే ఆవుల మధ్య గడ్డిలోంచి లేచి పరుగెత్తేది అదే.

కథగా సరదాగానే ఉంటుంది. కానీ అనుమానం పడ్డ ఆ ముసలామెకి సరదా కాదు. చిల్లంగి పేరుతో మన ఊళ్ళల్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మీవాడి ప్రాజెక్ట్‌లో ఈ ఒక్క ముక్క తప్పకుండా పెట్టించండి.

మే 1ని బెల్టేన్ అంటారు, ఎండాకాలపు మొదటి రోజు. ఆ రోజు ఇంట్లోంచి నిప్పు, పాలు, నీళ్ళు బయటికి ఇవ్వరు. దీపాలు పెట్టాక పెరుగు, ఉప్పు ఇవ్వని ఇళ్ళల్లో పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. గడప మీద, కొట్టం గుమ్మంలో పసుపు పూలు చల్లేవారు, తడి నేలల్లో పూసే మార్ష్ మేరీగోల్డ్‌లు. కోర్మక్ నిఘంటువులోనే ఇంకో సంగతి ఉంది: ఆ రోజు రెండు మంటలు వేసి, ఆ ఏటి రోగాలు తగలకుండా పశువుల్ని వాటి మధ్య నుంచి తోలేవారని. జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ మంటల్లోనూ, చల్లారుతున్న నిప్పుల మీదుగా ఆవుల్ని దాటించడం చాలాకాలం సాగింది. పొగకి పిడుదులు చస్తాయని, ఇది ప్రాచీన సైన్స్ అని ఇంటర్నెట్‌లో రాస్తుంటారు, నమ్మకండి. ఒక్క దాటుకి ఏ పిడుదూ చావదు. కానీ భయపడ్డ సమయం మాత్రం సరైనదే. చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవు కొండ మేతకి వెళ్ళేది అప్పుడే. పిడుదుల వల్ల వచ్చే ఎర్ర మూత్రం జబ్బు ఎదురుచూసేది అక్కడే.

చలికాలం మాటొచ్చింది కాబట్టి చారల ఆవు కథ. ఒక ముసలి ఆవు మార్చి నెల దాటాక, “మార్చి నన్నేమీ చేయలేకపోయింది” అని తోక ఎత్తి గంతులేసిందట. మార్చికి ఒళ్ళు మండి ఏప్రిల్ దగ్గర మూడు రోజులు అప్పు తెచ్చుకుని, ఆ మూడు రోజుల చలితో దాన్ని చంపి తోలు వలిచింది. ఇప్పటికీ ఏప్రిల్ మొదట్లో చలి విరుచుకుపడితే వాటిని చారల ఆవు రోజులు అనేవాళ్ళున్నారు. ఎండుగడ్డి అయిపోయి పచ్చగడ్డి ఇంకా రాని రోజులవి. బక్కచిక్కిన ఆవులు వాటంతటవి లేవలేక, పొద్దున్నే ఇరుగుపొరుగు వచ్చి తలా ఓ చెయ్యి వేసి లేపేవారు. ఆ దృశ్యం తెలిస్తే కథకి నవ్వు రాదు.

పడమటి ఐర్లండ్‌లో ఆవులూ మనుషులూ ఒకే పొడుగాటి ఇంట్లో ఉండేవారు. పై కొసన పొయ్యి, కింది కొసన ఆవులు. పొయ్యిలో మంట కళ్ళకి కనిపిస్తే ఆవు బాగా పాలిస్తుందని అనేవారు. వెచ్చగా ఉన్న ఆవుకి మేత ఒంటికి పడుతుంది, అంతే.

ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ రోజు. పాడికి, పశువులకి ఆమే దిక్కు. ముందు రోజు రాత్రి ఒక గుడ్డ బయట ఆరేస్తారు, ఆమె ఆ దారిన పోతూ తాకుతుందని. ఏడాదంతా దాచి, ఈత కష్టమైనప్పుడు ఆవు వీపు మీద పరుస్తారు. రెల్లు గడ్డితో అల్లిన శిలువ కొట్టం గుమ్మానికి కడతారు. ఇప్పటికీ ఇక్కడ మందల్లో ఎక్కువ భాగం ఈనేది ఫిబ్రవరి, మార్చిల్లోనే. మా చేతులు భుజాల దాకా తడిసే రోజులు ఆమె పండగతోనే మొదలవుతాయి.

నవంబర్ 10 రాత్రి సెయింట్ మార్టిన్ పేరున కోడిపుంజునో గూస్‌నో కోసి, రక్తం గడపకీ ఇంటి నాలుగు మూలలకీ కొట్టానికీ చిలకరించేవారు. మన పోలేరమ్మ కొలుపుల్ని చూసినవాళ్ళకి అర్థం చెప్పక్కర్లేదు. క్రిస్మస్ ముందు రాత్రి పన్నెండింటికి పశువులు మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడుకుంటాయట. వినడానికి పోకూడదు, అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.

వైద్యం విషయంలో నాకు కొంచెం కోపం కూడా ఉంది, ముందే చెబుతున్నాను. ఉన్నట్టుండి కూలిన ఆవుని ‘ఫెయిరీల బాణం తగిలింది’ అనేవారు. పొలంలో దొరికే చెకుముకి రాతి బాణపు ములుకులే సాక్ష్యం. అవి నిజానికి రాతియుగపు మనుషుల పనిముట్లు. ఊరి వైద్యుడు వచ్చి తోలు కింద గుంట కోసం వేళ్ళతో తడిమేవాడు, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలతతో ఆవుని మూడుసార్లు కొలిచేవాడు, ఆ రాళ్ళూ నాణేలూ వేసిన నీళ్ళు తాగించేవాడు. నేను ఆ రాత్రి చూసిన పాల జ్వరం లాంటివి ఇందులో చాలా ఉండి ఉంటాయి. కారణం కాల్షియం పడిపోవడమని ఎడిన్‌బరోలో తేలింది 1925లో. అంతకుముందు వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నీళ్ళు తాగించినందుకు తప్పు పట్టను. కానీ మింగలేని స్థితిలో ఉన్న ఆవు గొంతులో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ‘తోకలో పురుగు’ వైద్యం ఇంకా ఘోరం. చిక్కిపోయిన ఆవు తోక మెత్తగా తగిలితే లోపల పురుగు తినేస్తోందని, తోక చీల్చి వెల్లుల్లీ మసీ కూరి కట్టేవారు. తోకలో పురుగూ లేదు, పుట్రా లేదు. ఆకలి.

కడుపునొప్పి దూడకి వేసే ‘పురుగు ముడి’ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. దూడ వీపు మీద తాడుతో ఒక చిత్రమైన ముడి వేసి రెండు కొసలూ లాగుతారు. సాఫీగా విడిపోతే నొప్పి పోయినట్టు, చిక్కుపడితే దూడ దక్కదు.

ఇప్పుడు, డాక్టరుగా నన్ను బాగా ఆలోచింపజేసిన ఆచారం. ‘పిషోగ్’ అనే మాట మామూలుగా మూఢనమ్మకానికి వాడతారు గానీ, దక్షిణాన మన్‌స్టర్ పల్లెల్లో దానికి చేతబడి అనే అర్థం కూడా ఉంది. పక్కవాడి పాడి లాక్కోవాలంటే వాడి గడ్డివాములోనో పొలంలోనో గుడ్లు, కుళ్ళిన మాంసం, కొన్నిసార్లు ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే పడిపోయిన, దూడ పిండాన్ని దాచిపెట్టేవారు. దొరికితే వట్టి చేత్తో ముట్టుకోకుండా, తీర్థం చల్లి కాల్చేయాలి. గుడ్లతో ఏమీ కాదు. కానీ ఈసుకుపోయిన పిండం? ఆ రోజుల్లో ఆవులు ఈసుకుపోవడానికి పెద్ద కారణం బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి. ఆ పిండం, ఆ మాయ పడిన గడ్డి తింటే పక్కవాడి ఆవులకీ అదే గతి, ముట్టుకున్న మనిషికి నెలల తరబడి జ్వరాలు. అంటే ఈ ఒక్క చేతబడి మాత్రం నిజంగానే ‘పని చేసేది’. ముట్టుకోకు, కాల్చెయ్ అన్న విరుగుడు కూడా మేము ఇవాళ చెప్పేదే. ఐర్లండ్ బ్రూసెల్లా లేని దేశంగా గుర్తింపు పొందింది 2009లో.

ఆవులు ఈసుకుపోకుండా మందలో ఒక మేకనో గాడిదనో ఉంచేవారు. కొండల పక్క ఇంకా కనిపిస్తాయి. అడిగితే రైతు నవ్వేసి “తోడుకి” అంటాడు. గాడిద వీపు మీద శిలువ ఆకారపు నల్లచార ఉంటుంది కదా, అందుకని దానికి గౌరవం. కోరింత దగ్గు వచ్చిన పిల్లల్ని దాని కడుపు కింద నుంచి మూడుసార్లు దాటించేవారు. పందిని ‘అద్దె కట్టే పెద్దమనిషి’ అనేవారు. పందికి గాలి కంటికి కనిపిస్తుందట. కోడిని పొదగేసేటప్పుడు బేసి సంఖ్యలో, ఎక్కువగా పదమూడు గుడ్లు, ఒక్కోదాని మీద మసితో శిలువ గుర్తు. దేవుడి రక్షణ సరే, మధ్యలో వేరే కోడి వచ్చి పెట్టిన కొత్త గుడ్డు ఏదో ఆ గుర్తు లేకపోవడం వల్ల ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎవరైనా పాటిస్తారా అన్నారు. మంటల మధ్య తోలేవాళ్ళని నేను చూడలేదు. కానీ నాలుగు వందల ఆవులకి కంప్యూటర్‌తో పాలు పితికే షెడ్‌లో, పాల ట్యాంకు పైన బ్రిజిడ్ శిలువ వేలాడటం చాలా చోట్ల చూశాను. ఫిబ్రవరిలో పాతది తీసి కొత్తది కడతారు. పొలం మధ్య ఒంటరి ముళ్ళచెట్టుని ఫెయిరీలదని కొట్టరు, ట్రాక్టర్ చుట్టూ తిప్పుకుపోతారు. బేరం కుదిరాక అమ్మినవాడు కొన్నవాడికి కొంత తిరిగి ఇచ్చే ‘లక్ పెన్నీ’ మాత్రం నిక్షేపంగా ఉంది. పూర్వం సంతలో దళారి ఇద్దరి చేతులూ పట్టి కలిపేవాడు, అరచేతిలో ఉమ్మేసుకుని చప్పుడయ్యేలా కొట్టుకునేవారు. ఇప్పుడు డబ్బు బ్యాంకులో పడుతుంది, ఇరవై యూరోల నోటు మాత్రం జేబులోంచి జేబులోకే పోతుంది. అది ఇవ్వని మనిషి దగ్గర రెండోసారి కొనరు.

మీవాణ్ణి ఒక శనివారం నాతో పంపిస్తే ఆ పెద్దావిడ దగ్గరికే తీసుకెళ్తాను, ఇంకా గట్టిగానే ఉంది. దూడల్ని చూసి ముద్దొస్తున్నాయని వాడు అనకుండా ఉండలేడు, కాబట్టి ఆ మాట వెనకాల ఏమనాలో మాత్రం ఇంట్లోనే నేర్పించి పంపండి.